గోల్కొండలో మా మామయ్య, మట్టి గొట్టాలు

హైదరాబాద్‌లో ఉండేవాళ్ళకి ఒక అలవాటు ఉంటది, ఊరి నుంచి చుట్టాలొస్తే తప్ప చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ గుర్తురావు. మేమూ అంతే. డిసెంబర్ ఆఖర్లో అత్తమ్మ కంటి చెకప్ కోసం అత్తమ్మ, మామయ్య ఖమ్మం నుంచి వచ్చారు, పిల్లలకి కూడా సెలవులు, ఎండ లేదు, ఇంతకన్నా మంచి టైం దొరకదని మా ఆయన గోల్కొండ ప్రోగ్రాం పెట్టాడు. అత్తమ్మ వెంటనే సరే అంది. ఎందుకంటే ఆవిడ పుట్టిల్లు నేలకొండపల్లి పక్కనే, రామదాసు పుట్టింది నేలకొండపల్లి, కాబట్టి గోల్కొండ అంటే ఆవిడకి నవాబుల కోట కాదు, "మా ఊరి పిల్లగాణ్ణి పట్టుకొచ్చి పెట్టిన జైలు". మామయ్య మాత్రం ఆ రాళ్ళలో ఏముంది చూసేదానికి అని పేపర్ మడతపెట్టి మొహమాటానికి లేచారు. ఈయన గురించి ఒక ముక్క చెప్పాలి. సాగర్ ఎడమ కాలవ మీద లస్కర్‌గా చేసి రిటైరయ్యారు, తూముల షట్టర్లు తిప్పడం, గండ్లు పడితే రాత్రిపూట లైటేసుకుని పరిగెత్తడం, చివరి భూములకి నీళ్ళందలేదని రైతులు తిడితే తిట్లు తినడం, అదే ఆయన సర్వీసంతా. ఎక్కడికి తీసుకెళ్ళినా ముందు నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయి, ఎటు పోతున్నాయి అనే చూస్తారు. పెళ్ళిళ్ళకి పోయినా అంతే, ఫంక్షన్ హాల్ వెనకాల సంపు దగ్గర దొరుకుతారు.

మియాపూర్ నుంచి గచ్చిబౌలి, షేక్‌పేట మీదుగా పోయాం. సెవెన్ టూంబ్స్, అంటే గోల్కొండని ఏలిన కుతుబ్ షాహీ రాజుల సమాధులు, ఆ రోడ్డు పట్టుకుంటే బంజారా దర్వాజాలోంచి లోపలికి పోతాం, అక్కడే మొదటి ఆశ్చర్యం, కోట అంటే టికెట్ కౌంటర్ దగ్గర మొదలవుద్ది అనుకుంటాం గానీ కాదు, ఆ దర్వాజా లోపల ఇళ్ళు, కిరాణా కొట్లు, చికెన్ షాపులు, మసీదులు, స్కూళ్ళు, మొత్తం ఒక ఊరే ఉంది, జనం కోటలోనే కాపురం ఉంటున్నారు. ఎదురుగా ఆటో వస్తే దర్వాజాలో ఎవరో ఒకరు రివర్స్ చెయ్యాల్సిందే. బయటి గోడకి 8 దర్వాజాలు, 87 బురుజులు. మనం టికెట్ కొనుక్కుని చూసేది దాని నడుమ ఉన్న బాలాహిస్సార్ గుట్ట మాత్రమే.

టికెట్ మనవాళ్ళకి 25 రూపాయలు, 15 ఏళ్ళలోపు పిల్లలకి లేదు. పార్కింగ్ దగ్గర పోయిన ఓపిక అక్కడ కొంచెం తిరిగొచ్చింది.

గేటు దగ్గర గైడ్‌ని మాట్లాడుకున్నాం, వద్దు బోర్డులు చదువుకుందాం అని మా ఆయన అన్నాడు గానీ ఆ నీలం బోర్డుల మీద రాసింది చదివితే పిల్లలకి అక్కడే నిద్రొస్తుంది. గైడ్ పెద్దాయన, పాతబస్తీ తెలుగు, వినడానికి భలే ఉంది. బాలాహిస్సార్ దర్వాజా మీద సున్నంతో చేసిన నెమళ్ళు, సింహాలు చూపించాడు, దర్వాజా ముందు అడ్డంగా ఒక గోడ ఎందుకు కట్టారో చెప్పాడు. ఏనుగులు దూరం నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి తలుపుని ఢీకొట్టకుండా, వాటికి పరిగెత్తే జాగా లేకుండా చెయ్యడానికి అన్నమాట. తలుపులకి ఇనప మేకులు కూడా అందుకే. మా పెద్దోడు ఇదంతా వీడియో గేమ్ లాగా విన్నాడు.

తర్వాత చప్పట్లు. గోల్కొండ అంటే చప్పట్లు కదా. దర్వాజా దాటగానే పైన గుమ్మటం ఉన్న చోటు ఉంటది, దాని కింద సరిగ్గా నడిమధ్యన నిలబడి చప్పట్లు కొడితే గుట్ట మీద బాలాహిస్సార్ దగ్గర వినిపిస్తుంది, దాదాపు కిలోమీటరు దూరం, నాలుగడుగులు పక్కకి జరిగి కొడితే ఆ ధ్వని రాదు. శత్రువులొస్తున్నారనో చుట్టాలొస్తున్నారనో కింద కాపలావాళ్ళు పైకి కబురు చెప్పే పద్ధతి అది. పిల్లలు కొట్టారు, మేం కొట్టాం, వెనకాల స్కూల్ పిల్లల బ్యాచ్ రెండు బస్సుల వాళ్ళు కొట్టారు, చెవులు గింగుర్లెత్తాయి. గైడ్ గర్వంగా మామయ్య వైపు చూసి "ఎట్లుంది సాబ్?" అన్నాడు.

మామయ్య పైకి గుట్ట వైపు చూసి "చప్పుడు పైకి పోయింది, బానే ఉంది. మరి నీళ్ళెట్ల పోయినయ్ పైకి?" అన్నారు.

గైడ్‌కి ఆ ప్రశ్న మామూలుగా ఎవరూ వెయ్యరనుకుంటా. ఒక్క క్షణం ఆగి, మీరు రండి సాబ్ చూపిస్తా అని చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాడు, అక్కడ నుంచి మా ట్రిప్పు ట్రాకు మారిపోయింది.

గోడలో ఒక చోట రాయి ఊడిపోయి లోపల మట్టి గొట్టం కనిపిస్తోంది. ఎర్రమట్టిది, కాల్చింది, చుట్టూ డంగు సున్నంతో పూడ్చేసి ఉంది, పైనుంచి చూస్తే గోడలో గొట్టం ఉందని తెలియదు. నేను ఇదివరకు కూడా వచ్చాను ఇక్కడికి, కాలేజీ రోజుల్లో, ఈ గొట్టం పక్కనుంచే పోయుంటాను, ఫోటో దిగడానికి ఇదే గోడకి ఆనుకుని కూడా ఉంటాను. మామయ్య కళ్ళజోడు పైకి నెట్టి, వంగి, విరిగిన అంచు మీద వేలు పెట్టి గీకారు. లోపల వైపు తెల్లగా, గరుగ్గా ఒక పొర ఉంది. "చూడు, ఉప్పు నీళ్ళ బకెట్‌కి పట్టినట్టు పట్టింది. అంటే ఇది ఉత్తుత్తి గొట్టం కాదు, చానా ఏండ్లు నీళ్ళు పారినయ్ దీంట్లో" అన్నారు. నాతో కాదు, గైడ్‌తో కూడా కాదు, గొట్టంతోనే మాట్లాడుతున్నట్టు.

గైడ్ చెప్పింది ఇది. కోటకి తాగునీళ్ళు దుర్గం చెరువు నుంచి వచ్చేవి. అవును, మాదాపూర్ దగ్గర కేబుల్ బ్రిడ్జి ఉన్న దుర్గం చెరువే, ఇప్పుడు దాని చుట్టూ ఐటీ కంపెనీలు, ఆ రోజుల్లో రాళ్ళ గుట్టల మధ్యన దాక్కున్న చెరువు. అక్కడ నుంచి మట్టి గొట్టాల్లో పల్లానికి పారుకుంటూ కోట దాకా వచ్చేవి, కోట లోపల కటోరా హౌజ్ అని పెద్ద కొలను ఉంది. ఇంక అక్కడ నుంచి గుట్ట మీదికి పర్షియన్ వీల్స్. చక్రానికి వరసగా కుండలు కట్టి తిప్పితే కిందవి నిండుతూ పైన ఒంపుతూ ఉంటాయి, ఒక మట్టం దాకా తోడి తొట్టిలో పోస్తారు, ఆ తొట్టిలోంచి ఇంకో చక్రం ఇంకో మట్టానికి తోడుతుంది, అట్లా మెట్టు మెట్టుకీ ఒక తొట్టి. గుట్ట ఎత్తు దాదాపు 120 మీటర్లు. ఒకేసారి అంత ఎత్తుకి ఏ ఎద్దూ తోడలేదు కదా.

"మనోళ్ళు ఇప్పుడు సీతారామ ప్రాజెక్ట్‌లో చేసేది కూడా ఇదే, స్టేజీలు స్టేజీలుగా ఎత్తిపోసుడు. వీళ్ళకి కరెంట్ బిల్లు లేదు, అంతే తేడా" అన్నారు మామయ్య. గైడ్‌కి సీతారామ ప్రాజెక్ట్ ఏంటో తెలియదు, అయినా హా సాబ్ హా సాబ్ అన్నాడు.

రాణీ మహల్ దగ్గర ఇంకో సీను. మధ్యలో పాత ఫౌంటెన్ ఉంటది, సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో ఇక్కడే, 2014 నుంచి చాలా ఏళ్ళు ఆగస్టు 15కి ముఖ్యమంత్రి జెండా ఎగరేసింది కూడా ఈ పక్కనే. అందరూ ఫౌంటెన్ ముందు నిలబడి ఫోటోలు దిగుతుంటే మామయ్య ఒక్కరే దానికి వీపు పెట్టి పైకి చూస్తున్నారు. ఏంటి మామయ్యా అంటే, "ఈడ నీళ్ళు ఎగరాలంటే దీనికన్నా ఎత్తున యాడనో తొట్టి ఉండాలి గదా, దాన్ని చూస్తున్న" అన్నారు. నాకు ఒక్కసారిగా కోట మొత్తం తిరగేసి కనిపించింది. మనం కింద నుంచి పైకి ఎక్కుతూ చూస్తాం, గేటు, మహల్, జైలు, గుడి, పైన దర్బారు. నీళ్ళ లెక్కన చూస్తే కోట పైనుంచి కిందికి, పైన నింపిన తొట్ల నుంచి గోడల్లోంచి దిగి మహళ్ళకి, స్నానాల గదులకి, తోటలకి. ఆ లెక్క తెలియకపోతే ఇవన్నీ విరిగిన గోడలే.

అత్తమ్మకి ఇదంతా విసుగు. "గొట్టాలు చూపియ్యడానికి తీసుకొచ్చిన్రా నన్ను" అని మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. మెట్లు పైదాకా దాదాపు 360, ఎగుడుదిగుడు రాళ్ళు, పెద్దవాళ్ళు ఉంటే తొందరపెట్టకండి, నడుమ నడుమ కూర్చోడానికి చోటుంది, మంచినీళ్ళ బాటిల్ కింద నుంచే మోసుకెళ్ళండి.

రామదాసు జైలు ఎక్కే దారిలోనే వస్తుంది. చీకటి గది, పైకప్పులో కన్నం, అక్కడి నుంచి పడే వెలుతురే వెలుతురు, అన్నం కూడా దాంట్లోంచే దింపేవాళ్ళని గైడ్లు చెప్తారు. గోడ మీద రాముడు, సీత, లక్ష్మణుడు, ఆంజనేయుడు, రామదాసు తన చేత్తో చెక్కినవని చెప్తారు, పసుపు కుంకుమలతో నిండి ఉన్నాయి. కథ అందరికీ తెలిసిందే, కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారు, వసూలు చేసిన శిస్తు డబ్బుతో భద్రాచలంలో గుడి కట్టించాడని అప్పటి గోల్కొండ రాజు తానీషా లోపలేయించాడు, 12 ఏళ్ళు. తమాషా ఏంటంటే అప్పుడు తానీషా దగ్గర మంత్రిగా చక్రం తిప్పుతున్న మాదన్న, ఆయన సోదరుడు అక్కన్న, ఇద్దరూ గోపన్నకి మేనమామలు. మేనమామలు అంత పెద్ద పదవుల్లో ఉండి కూడా విడిపించలేదంటే, అత్తమ్మ మాటల్లో, "సర్కారు పైసలు గదా బిడ్డా, ఎవ్వరు నోరెత్తుతరు". చివరికి రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల మొహరీలు కట్టి రసీదు తీసుకున్నారని కథ. ఆడిట్ పేరా డ్రాప్ అయినట్టే అని మామయ్య గొణిగారు, అత్తమ్మ చూసిన చూపుకి మళ్ళీ మాట్లాడలేదు. ఆవిడ కొంగు కప్పుకుని అక్కడే కూర్చుండిపోయి సన్నగా రామదాసు కీర్తన ఒకటి అందుకుంది. పక్కన మరాఠీ వాళ్ళ ఫ్యామిలీ, సెల్ఫీలు ఆపి విన్నారు. నేనింక పైకి రాను, నాకిది చాలు అంది, మా ఆయన ఆవిడ దగ్గర ఆగిపోయాడు. పాపం ఆయనకి కూడా మెట్లు తప్పించుకునే సాకు దొరికింది.

పైకి పోయే దారిలోనే అంబర్‌ఖానా ఉంది, అంటే గింజల గోదాము, దాని మీద 1642 నాటి శాసనం. మా పెద్దోడు అప్పటికే అలిసిపోయి "గోదాము కూడా చూడాలా" అన్నాడు. చూడాలి, ఎందుకంటే ఔరంగజేబు కథ అక్కడే అర్థమవుద్ది. 1687లో మొఘల్ సైన్యం వచ్చి ఈ కోట చుట్టూ ఎనిమిది నెలలు కూర్చుంది. లోపల గింజలున్నాయి, నీళ్ళున్నాయి. బయట ఉన్నవాళ్ళకే కరువు, వానలు, వరదలు, తిండి అందక నానా తంటాలు పడ్డారు, గోడ కింద సొరంగం తవ్వి మందు పెట్టి పేల్చబోతే అది కూడా తిరగబడి వాళ్ళ జనమే చచ్చారు. ఫిరంగులు కొట్టీ కొట్టీ పని కాలేదు. ఆఖరికి లోపలి సర్దారు ఒకడు, అబ్దుల్లా ఖాన్ పనీ, లంచం తిని రాత్రిపూట తలుపు తీశాడు. మొఘలులు లోపలికొచ్చిన దర్వాజాని ఫతే దర్వాజా అంటున్నాం ఇప్పుడు. అబ్దుల్ రజాక్ లారీ అనే ఇంకో సర్దారు ఒళ్ళంతా గాయాలతో చివరిదాకా కొట్లాడాడు, అన్ని గాయాలతోనూ బతికాడు కూడా.

"కాలవకి గండి ఎప్పుడూ నీళ్ళ వల్లనే పడదమ్మా, ఎవడో ఒకడు రాత్రి పూట కొడతడు" అన్నారు మామయ్య. ఈ మాటకి ఆయన సర్వీస్‌లో ఏదో కథ ఉండే ఉంటుంది, అడిగే ఓపిక నాకు లేదు, ఊపిరాడట్లేదు ఎక్కీ ఎక్కీ.

పెద్ద పెద్ద బండల మధ్యన జగదాంబ మహంకాళి గుడి వస్తుంది. ఆషాఢంలో జంట నగరాల బోనాలు మొదలయ్యేది ఇక్కడే, ఆ నెలలో ఆదివారాలు, గురువారాలు వస్తే మాత్రం కోట చూడ్డం కుదరదు, జనసముద్రం. దాని పక్కనే పైన ఇబ్రహీం మసీదు. ఈ ఇబ్రహీం కుతుబ్ షా కుర్రతనంలో ఇక్కడ ప్రాణభయంతో పారిపోయి విజయనగరంలో ఏడేళ్ళు తలదాచుకున్నాడు, తెలుగు బాగా వచ్చు, 1550లో రాజయ్యాక తెలుగు కవులని పోషించాడు, వాళ్ళేమో ఆయన్ని మల్కిభరాముడు అని పద్యాల్లోకి ఎక్కించేశారు. కోటకి రాతి గోడలు బలంగా కట్టించింది ఆయన కాలంలోనే, హుస్సేన్ సాగర్ తవ్వించింది కూడా ఆయన కాలంలోనే. ఈ చివరి ముక్క చెప్పగానే మామయ్యకి ఆయన మీద గౌరవం పెరిగిపోయింది.

పైన బారాదరి, అంటే ఆ దర్బారు హాలు, అక్కడ నుంచి చూస్తే ఒక పక్క గోల్ఫ్ కోర్సు, ఒక పక్క సెవెన్ టూంబ్స్ గుమ్మటాలు, ఇంకోపక్క గచ్చిబౌలి టవర్లు, దుమ్ములో చార్మినార్ ఎక్కడో ఉందంటే ఉంది. కింద నుంచి చప్పట్లు వినిపిస్తాయా అంటే వినిపిస్తాయి, కానీ సన్నగా, టక్ టక్ అని, పక్కన జనం నోరు మూసుకుంటేనే. జనం నోరు మూసుకోరు. చిన్నది మాత్రం గోడ దగ్గర చెవి పెట్టి "వచ్చింది వచ్చింది" అని ప్రతి చప్పుడికీ గెంతింది.

పెద్దోడు అక్కడ అడిగాడు, కోహినూర్ ఏది, ఇక్కడే దొరికింది కదా అని. దొరకలేదు నాన్నా, గోల్కొండలో ఒక్క వజ్రం కూడా తవ్వలేదు, ఇది బజారు, గని కృష్ణ ఒడ్డున పల్నాడు వైపు కొల్లూరులో. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే ఆ గనిలో 60,000 మంది పనిచేస్తున్నారని రాసుకున్నాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్ట్ నీళ్ళ కింద ఉంది అని చెప్పగానే మామయ్య మొహం వెలిగిపోయింది, ఏదైనా చివరికి నీళ్ళ దగ్గరికే వస్తుంది ఈయనకి.

దిగడం ఎక్కడం కన్నా కష్టం, మోకాళ్ళు వణుకుతాయి, చెప్పులు జారనివి వేసుకోండి, హీల్స్ వేసుకుని వచ్చి చేతిలో పట్టుకుని దిగుతున్న అమ్మాయిలని చూశాం.

సాయంత్రం షోకి ఆగుదామనుకున్నాం గానీ చిన్నది నిద్రకి పడింది, ఇంకా టైం ఉంది కదాని సెవెన్ టూంబ్స్ చూసి వెళ్దాం అన్నాం. కోట ఎక్కినవాళ్ళలో సగం మంది ఇక్కడికి రారు, అది అన్యాయం, నన్నడిగితే ముందు ఇదే చూడాలి. 2013లో మొదలుపెట్టి ఆగా ఖాన్ ట్రస్ట్ వాళ్ళు, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి బాగు చేశారు, సిమెంట్ పూతలు గీకేసి మళ్ళీ సున్నంతోనే. కుతుబ్ షాహీ రాజులు దాదాపు అందరూ ఇక్కడే ఉన్నారు, చివరివాడు తానీషా లేడు, ఆయన్ని ఔరంగజేబు దౌలతాబాద్ కోటకి పట్టుకుపోయి బంధించాడు, అక్కడే పోయాడు. రామదాసుని జైల్లో పెట్టినాయన కూడా జైల్లోనే పోయాడా అని అత్తమ్మ కొంచెంసేపు ఏమీ అనలేదు, తర్వాత "అయినా ముత్యాల తలంబ్రాలు పంపిన మనిషే లే" అంది. భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు పోయే ఆనవాయితీ తానీషా నుంచే వచ్చిందంటారు, ఇప్పటికీ పోతున్నాయి.

ఇక్కడ మామయ్యకి బడీ బావిలి దొరికింది. మెట్ల బావి, నాలుగు పక్కలా కమానులు, లోపల నిజంగా నీళ్ళు. ఒక పక్క గోడ కూలిపోయి, మట్టి పూడి ఉన్నదాన్ని పూడిక తీసి మళ్ళీ కట్టారు, ఇక్కడి మెట్ల బావులకి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు కూడా వచ్చింది. సెక్యూరిటీ ఆయన్ని పట్టుకుని ఎండాకాలంలో మట్టం ఎంత దిగుద్ది, తోటకి ఈ నీళ్ళే కొడతారా, వాన నీళ్ళు ఎటునుంచి దిగుతాయి అని ఒక ఇంటర్వ్యూ నడిపారు. ఆ కుర్రాడు కూడా విసుక్కోకుండా చెప్పాడు, వానాకాలంలో ఈ మెట్టు దాకా వస్తయి సార్ అని కాలితో చూపించాడు. మామయ్య ఆ మెట్టు మీదే కూర్చుని ఫోటో తియ్యమన్నారు. ఆ రోజంతా ఆయన అడిగి దిగిన ఫోటో అదొక్కటే.

ఇంటికి పోయేటప్పుడు దుర్గం చెరువు మీదుగా పోదాం, ఆ తూము ఎక్కడుందో చూడాలి అన్నారు. కేబుల్ బ్రిడ్జి మీద అప్పటికే లైట్లు, జనం, కార్లు ఆపనివ్వట్లేదు, చెరువు ఒకసారి నల్లగా కనిపించి వెళ్ళిపోయింది. పొద్దున పూట మళ్ళీ వద్దాం మామయ్యా అన్నాను. వెనక సీట్లోంచి అత్తమ్మ, "ఈసారి పోయేది భద్రాచలమే, రామదాసు చేయించిన నగలు చూపిస్తరంట అక్కడ. నేను దర్శనం చేసుకుంట, ఈయన్ని గోదారి కరకట్ట మీద వదిలెయ్, చీకటి పడ్డాక తోల్కొద్దాం" అంది. మామయ్య కాదనలేదు, కరకట్టకి స్లూయిజులు ఎన్నో చూసుకోవచ్చు అన్నారు.